మంచు మీద వాలే పాదరసం: మీకు తెలుసా?

మా చిన్నప్పుడు ఇంట్లో జ్వరం చూసే థర్మామీటర్ పగిలింది. నాపరాళ్ళ గచ్చు మీద వెండి పూసల్లా పాదరసం చెదిరిపోయింది. వేలితో నొక్కితే ఒక పూస రెండయ్యేది, రెంటినీ దగ్గరికి తోస్తే మళ్ళీ ఒకటయ్యేది. "ముట్టుకోకు, ముట్టుకోకు" అంటూ అమ్మ ముందు తన చేతి గాజులు తీసి గూట్లో పెట్టింది. పాదరసం తగిలితే బంగారం తెల్లబడిపోతుందని ఆవిడకు తెలుసు. తర్వాత చీపురుతో ఊడ్చి, చేటలోకెత్తి పెరట్లో పారబోసింది. బండల సందుల్లో దూరిన పూసలు మాత్రం రాలేదు. కొన్నాళ్ళ పాటు టార్చిలైటు వేస్తే అక్కడ మిణుకుమనేవి. తర్వాత అవీ కనిపించలేదు.

ఎవరూ తీయకుండా అవి ఎలా మాయమయ్యాయో చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది. గాలిలో కలిసిపోయాయి. గాలిలో కలిసిన పాదరసం చివరికి ఎక్కడికి చేరుతుందని వెతకడం మొదలుపెడితే, ఆ వెతుకులాట నన్ను మనుషులే అరుదైన ఉత్తర ధ్రువ ప్రాంతపు మంచు దాకా తీసుకెళ్ళింది. అక్కడ తెలుసుకున్నవే ఇవి.

పాదరసం కూడా గడ్డకడుతుందని తెలుసా?

సున్నాకు దిగువన 38.8 సెంటీగ్రేడ్ డిగ్రీల దగ్గర అది సీసంలా మెత్తని గట్టి లోహమవుతుంది. 1759 డిసెంబరులో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో జోసెఫ్ ఆడమ్ బ్రౌన్ మంచులో నత్రికామ్లం కలిపి, అందులో థర్మామీటర్ ముంచి ఆ పని సాధించాడు. అప్పటిదాకా ఎప్పుడూ ద్రవంగానే కనిపించే పాదరసాన్ని అసలు లోహంగా లెక్కించాలా వద్దా అన్న సందేహం ఉండేది. తర్వాత 1781-82 చలికాలంలో కెనడా హడ్సన్ బే తీరాన ఆల్బనీ కోటలో థామస్ హచిన్స్ అది గడ్డకట్టే చలి ఎంతో జాగ్రత్తగా కొలిచాడు. ధ్రువ యాత్రికులు ఆల్కహాల్ థర్మామీటర్లు వెంట తీసుకెళ్ళింది ఇందుకే.

మరి అంత చలిలో గాలిలో పాదరసం ఎలా ఉంటుందనే అనుమానం రావచ్చు. అక్కడ ఉన్నది చుక్కలు కాదు, దేనికది విడివిడిగా తిరిగే పరమాణువులు. గడ్డకట్టాలంటే ఒకదాన్నొకటి కలుసుకోవాలి కదా. అంత గుంపు గాలిలో లేదు.

ఒక ఘనపు మీటరు గాలిలో ఎంత పాదరసం ఉంటుంది?

ఉత్తరార్ధగోళంలో మామూలుగా ఒకటిన్నర నానోగ్రాము. గ్రాములో వంద కోట్లవ వంతు ఒక నానోగ్రాము. ఈ అంకె చూసి ఇంతేనా అనిపిస్తుంది. కానీ పాదరసం ఆవిరి నీటిలో తేలిగ్గా కరగదు, దుమ్ముకు తొందరగా అంటదు. అందుకే ఒకసారి గాలిలో చేరితే ఆరు నెలల నుంచి ఏడాది దాకా తిరుగుతూనే ఉంటుంది. ఆ లోపు భూమిని చుట్టేస్తుంది. మనం చురుకైన పిల్లాణ్ణి పాదరసం అంటాం. గాలిలో దాని తిరుగుడు చూస్తే ఆ మాట ఎంత నిజమో తెలుస్తుంది.

ఆర్కిటిక్‌లో పడే, మనుషుల వల్ల పుట్టిన పాదరసంలో దాదాపు 98 శాతం బయటి ప్రాంతాల నుంచి వచ్చిందేనని ఆర్కిటిక్ దేశాల ఉమ్మడి పర్యవేక్షణ సంస్థ ఆమాప్ 2021లో లెక్కగట్టింది.

వసంతం రాగానే గాలిలోని పాదరసం మాయమయ్యే చోటు ఒకటుంది, తెలుసా?

ఆ చోటు పేరు అలర్ట్. కెనడా ఉత్తరపు కొసన ఎల్స్‌మీర్ దీవిలో, ధ్రువానికి సుమారు 820 కిలోమీటర్ల దూరంలో ఉంది. అక్టోబరు నడుమ అస్తమించిన సూర్యుడు మళ్ళీ ఫిబ్రవరి చివరికి గానీ కనిపించడు. 1995లో కెనడా పర్యావరణ శాఖ శాస్త్రవేత్త బిల్ ష్రోడర్ బృందం అక్కడ గాలిలోని పాదరసాన్ని ఆపకుండా కొలవడం మొదలుపెట్టింది. చీకటి నెలల్లో అంకె నిలకడగా ఉంది. సూర్యుడు వచ్చాక, వసంతంలో, కొద్ది గంటల్లోనే అది దాదాపు సున్నాకు పడిపోయింది. మళ్ళీ పెరిగింది. మళ్ళీ పడిపోయింది. యంత్రం చెడిపోయిందని ఎవరైనా అనుకుంటారు. కానీ అదే సమయంలో, అవే గంటల్లో, నేల దగ్గరి గాలిలో ఓజోన్ కూడా పడిపోతోంది. రెండు వేర్వేరు యంత్రాలు ఒకేసారి ఒకే తీరుగా చెడవు కదా. 1998లో నేచర్ పత్రికలో ఈ సంగతి అచ్చయింది.

ఆ మాయ వెనుక ఉన్నది సముద్రపు ఉప్పు. సముద్రం గడ్డకట్టేటప్పుడు ఉప్పు మంచులో ఇమడదు, కొంత పైకి తోసుకొస్తుంది. మంచు పలక మీద, దాని మీది హిమం మీద ఉప్పు పేరుకుంటుంది. అందులో కొంచెం బ్రోమిన్ ఉంటుంది. వసంతపు ఎండ తగలగానే ఆ బ్రోమిన్ గాలిలోకి లేచి, ఓజోన్‌ను తింటూ, తనలాంటివాటిని ఇంకా ఇంకా లేపుతుంది. అదే బ్రోమిన్ పాదరసం పరమాణువును పట్టుకుంటే, ఆవిరిగా తిరుగుతున్నది కాస్తా జిగురు పూసినట్టవుతుంది. దేనికి తగిలితే దానికి అంటుకుంటుంది. అక్కడ తగలడానికి ఉన్నది హిమమే.

ఈ సంగతి చదివిన రోజు నేను చాలాసేపు పుస్తకం మూసి కూర్చున్నాను. నాలుగు నెలల చీకటి తర్వాత వచ్చే సూర్యుడి కోసం అక్కడి ప్రాణులన్నీ ఎదురుచూస్తాయి. సీల్ పిల్లలు మంచు మీద పుట్టేది, మంచు పలక అడుగున నాచు పచ్చబడేది ఆ రోజుల్లోనే. పాదరసం దిగేది కూడా ఆ రోజుల్లోనే. అలర్ట్ తర్వాత అంటార్కిటికా తీరాన జర్మనీ వాళ్ళ నాయ్‌మేయర్ కేంద్రంలోనూ ఇదే తీరు కనిపించింది.

హిమం తీసుకున్నదాన్ని తిరిగి ఇచ్చేస్తుందా?

ఇస్తుంది, చాలావరకు. దించిన ఎండే మళ్ళీ లేపుతుంది. హిమంలో అంటుకున్న పాదరసాన్ని వెలుగు మళ్ళీ ఆవిరిగా మారుస్తుంది, కొద్ది రోజుల్లోనే అది గాలిలోకి వెళ్ళిపోతుంది. కానీ సముద్రానికి దగ్గరగా, ఉప్పు ఎక్కువున్న హిమం అంత తేలిగ్గా వదలదు. అలా మిగిలినది మే, జూన్ నెలల్లో మంచు కరిగినప్పుడు నీళ్ళతో కలిసి కదులుతుంది. లేనా, యెనిసెయ్, మెకెంజీ వంటి నదులు ఏడాదిలో మోసే నీటిలో పెద్ద వాటా ఆ కొద్ది వారాల్లోనే ఉరుకుతుంది. ఆర్కిటిక్ సముద్రంలోకి నదులు ఏటా చేర్చే పాదరసం 40 టన్నుల దాకా ఉంటుందని అంచనా.

ఆ నదుల్లోదంతా హిమం నుంచే వచ్చిందని అనుకోకండి. 2017లో అలాస్కాలోని టూలిక్ కేంద్రం దగ్గర డేనియల్ ఓబ్రిస్ట్ బృందం చూసినదేమిటంటే, టుండ్రా నేలకు చేరే పాదరసంలో ఎక్కువ భాగం మొక్కల ద్వారా వస్తోంది. చిన్న చిన్న పొదలు, పాచి, లైకెన్లు గాలిలోని ఆవిరిని నేరుగా పీల్చుకుంటాయి. ఆకు రాలి నేలలో కలుస్తుంది, దాంతో పాదరసమూ కలుస్తుంది.

ఆ మంచు నీళ్ళు తాగితే ప్రమాదమా?

కాదు. ఇది చాలామంది తడబడే చోటు, కాబట్టి నిదానంగా చెబుతాను. మన దేశంలో తాగునీటి ప్రమాణం ప్రకారం లీటరు నీటిలో పాదరసం ఒక మైక్రోగ్రాము, అంటే వెయ్యి నానోగ్రాములు దాటకూడదు. ఆర్కిటిక్ హిమం కరిగిన నీటిలో మామూలుగా ఉండేది అందులో చిన్న భాగం. వసంతంలో బాగా దిగిన చోట్ల వందల నానోగ్రాములకు చేరినా, దోసిలితో పట్టి తాగినవాడికి ఏమీ కాదు.

కథ మారేది బురదలో. గాలి ఆడని చెరువు అడుగున, చిత్తడి నేలలో, సముద్రపు మట్టిలో కొన్ని సూక్ష్మజీవులుంటాయి. అవి పాదరసానికి చిన్న కార్బన్ ముక్క తగిలించి మిథైల్ మెర్క్యురీగా మారుస్తాయి. ఆ పని చేయించే రెండు జన్యువులను 2013లో అమెరికాలోని ఓక్ రిడ్జ్ జాతీయ ప్రయోగశాల వాళ్ళు కనిపెట్టారు. మామూలు పాదరసం కడుపులోకి వెళ్ళినా చాలావరకు బయటికి పోతుంది. మిథైల్ మెర్క్యురీ అలా కాదు, పేగు దాటి నెత్తుట్లోకి, నెత్తురు దాటి మెదడులోకి, తల్లి నుంచి కడుపులో బిడ్డలోకి వెళుతుంది.

ఇక తినే వరస మొదలవుతుంది. నాచును తినే చిన్న పురుగులో కాస్త. ఆ పురుగులను వేలల్లో మింగిన చేపలో ఇంకాస్త. ఆ చేపలను ఏళ్ళ తరబడి తిన్న సీల్‌లో మరింత. సీల్‌ను తిన్న ధ్రువపు ఎలుగుబంటిలో, చేపల్ని తిన్న పంటి తిమింగలంలో అన్నిటికన్నా ఎక్కువ. నీటిలో ఉన్నదానికీ పెద్ద చేప కండలో ఉన్నదానికీ తేడా పది లక్షల రెట్లు, కొన్నిసార్లు అంతకన్నా ఎక్కువ. నీళ్ళను పరీక్షించి భయం లేదన్నవారూ, తిమింగలం మాంసాన్ని చూసి భయపడినవారూ ఇద్దరూ నిజమే చెబుతున్నారు.

బెలూగా తిమింగలం పళ్ళు, ఎలుగుబంటి వెంట్రుకలు, డేగ ఈకలు పాతవి మ్యూజియాల్లో, తవ్వకాల్లో దొరుకుతాయి. వాటితో ఇప్పటి వాటిని పోల్చిన రూనే డీట్జ్ తదితరులు, నేటి ఆర్కిటిక్ వేటజంతువుల ఒంట్లోని పాదరసంలో 90 శాతానికి పైగా మనుషుల చలవేనని 2009లో తేల్చారు.

మంచులో పాదరసం కొలవడానికి మడి కట్టుకోవాలి

ఇది మాటవరసకు అన్నది కాదు. మా నాయనమ్మ ఆవకాయ జాడీ దగ్గరికి వెళ్ళేటప్పుడు ఎలా ఉండేదో, హిమం నమూనా తీసేవాళ్ళు అంతకు మించి ఉంటారు. ఇద్దరు వెళతారు. ఒకరిది 'శుభ్రమైన చేయి', ఇంకొకరిది 'మురికి చేయి'. మురికి చేతి మనిషి పెట్టె తెరుస్తాడు, పై సంచి విప్పుతాడు, పార పట్టుకుంటాడు. శుభ్రమైన చేతి మనిషి లోపలి సంచిలోంచి సీసా తీస్తాడు, దాన్ని తప్ప ఇంకేదీ ముట్టుకోడు. సీసాను ముందే ఆమ్లంతో రోజుల తరబడి కడిగి ఉంచుతారు. గాలికి ఎదురుగా నడిచి వెళతారు, తమ ఒంటి మీది దుమ్ము నమూనా మీద పడకుండా. పంటిలో వెండి సిమెంటు నింపించుకున్నవాళ్ళు సీసా మీద ఊపిరి కూడా వదలకూడదని అమెరికా పర్యావరణ సంస్థ విధానంలో రాసి ఉంది. ఆ సిమెంటులో సగం పాదరసమే మరి.

ఇంత మడి ఎందుకో గ్రీన్‌ల్యాండ్ ఉదంతం చెబుతుంది. 2021లో ఒక అంతర్జాతీయ బృందం, నైరుతి గ్రీన్‌ల్యాండ్ మంచు పలక నుంచి కారే నీటిలో పాదరసం విపరీతంగా ఉందని, అది అడుగునున్న రాతి నుంచే వస్తోందని ప్రకటించింది. గ్రీన్‌ల్యాండ్ ఇతర నీళ్ళలో ఉండేదానికి వంద నుంచి వెయ్యి రెట్లు. వార్త ప్రపంచమంతా పాకింది. నేనూ చదివి పదిమందికి చెప్పాను. 2024లో క్రిస్టియన్ యోర్గెన్‌సెన్ బృందం పశ్చిమ గ్రీన్‌ల్యాండ్‌లో మంచు నీరు బయటికొచ్చే 21 చోట్ల, మొదటివాళ్ళు కొలిచిన చోటుతో సహా, మళ్ళీ కొలిచింది. ఆ భారీ అంకెలు ఎక్కడా కనిపించలేదు. ఉన్నది మామూలు మోతాదే. నేను ఎవరెవరికి చెప్పానో గుర్తు చేసుకుని, వాళ్ళందరికీ ఈ రెండో సంగతీ చెప్పాను. భయపెట్టే వార్త పాకినంత వేగంగా సరిదిద్దిన వార్త పాకదు. అందుకే ఇక్కడా రాస్తున్నాను.

అగ్నిపర్వతాల తేదీలు మంచులో పాదరసంతో రాసి ఉన్నాయి, తెలుసా?

అమెరికాలోని వయోమింగ్‌లో అప్పర్ ఫ్రీమాంట్ అనే హిమానీనదం ఉంది. అందులో దిగువ దాకా తొలిచి తీసిన మంచు కడ్డీలో పాల్ షూస్టర్ బృందం సుమారు 270 ఏళ్ళ పాదరసం చరిత్ర చదివి 2002లో ప్రచురించింది. 1815 టాంబోరా, 1883 క్రకటోవా, 1980 సెయింట్ హెలెన్స్ పేలుళ్ళు ఒక్కొక్కటి ఒక్కో సన్నని గీతలా పైకి లేచి పడిపోయాయి. 19వ శతాబ్దపు కాలిఫోర్నియా బంగారపు వేట ఒక దిబ్బలా కనిపించింది. 20వ శతాబ్దం మాత్రం కొండలా లేచింది. అప్పటికి గడచిన వందేళ్ళలో చేరిన పాదరసంలో 70 శాతం మనుషులదేనని లెక్క తేలింది. చివరి పదేళ్ళలో తగ్గుదల కూడా ఆ మంచులోనే కనిపించింది. అది నాకు ఊరటనిచ్చిన అంకె.

గడ్డకట్టిన నేలలో ఎంత దాగి ఉంది?

టుండ్రా మొక్కలు పీల్చుకున్నది వేల ఏళ్ళుగా నేలలో పేరుకుని, కుళ్ళకుండా గడ్డకట్టి ఉంది. 2018లో షూస్టర్ బృందమే అలాస్కా నేలల్ని తొలిచి, ఉత్తరపు గడ్డ నేలల ప్రాంతంలో 16.5 లక్షల టన్నులకు పైగా ఉండవచ్చని చెప్పింది. 2020లో మరో బృందం మరిన్ని చోట్ల మట్టి చూసి సుమారు 6 లక్షల టన్నులంది. చిన్న అంకెనే తీసుకుందాం. 2015లో ప్రపంచం మొత్తం మీద మనుషులు గాలిలోకి వదిలింది సుమారు 2,220 టన్నులు. ఆ లెక్కన అది 270 ఏళ్ళ పొగకు సమానం. నేల కరిగితే అదంతా ఒక్కసారిగా బయటికి రాదు, మట్టికి గట్టిగా పట్టుకుని ఉంటుంది. కానీ నది ఒడ్డు విరిగిపడితే మట్టితో పాటే నీళ్ళలోకి దిగుతుంది.

బంగారానికీ ధ్రువపు మంచుకూ ఏమిటి సంబంధం?

ఆ 2,220 టన్నుల్లో సుమారు 38 శాతం చిన్న చిన్న బంగారు గనులది. ఆఫ్రికా, దక్షిణ అమెరికా, ఆగ్నేయాసియాల్లో నది ఇసుకలో పాదరసం కలిపి పిసుకుతారు. బంగారపు రవ్వలు దానికి అంటుకుని ముద్దవుతాయి. ముద్దను పొయ్యి మీద కాలిస్తే పాదరసం ఎగిరిపోయి బంగారం మిగులుతుంది. అలర్ట్‌లో గాలిని కొలిచే యంత్రం పనిచేసేదీ ఈ గుణంతోనే. లోపల బంగారం పూత ఉన్న గొట్టం గుండా గాలి పోతుంది, పాదరసం అక్కడ చిక్కుకుంటుంది, వేడి చేసి లెక్కపెడతారు. మా అమ్మ గాజులు తీసి గూట్లో పెట్టిందీ ఈ గుణం తెలిసే.

గనుల తర్వాత పెద్ద వాటా బొగ్గుది, సుమారు 21 శాతం. బొగ్గులో పాదరసం అతి స్వల్పం, కానీ కొలిమి వేడికి అది ముందే ఆవిరై పొగగొట్టం ఎక్కుతుంది. రామగుండంలోనో కొత్తగూడెంలోనో రోజుకు వేల టన్నుల బొగ్గు మండే చోట ఉన్నవాళ్ళకు బూడిద సంగతి తెలుసు. ఈ ఆవిరి కంటికి కనిపించదు. థర్మల్ కేంద్రాల పొగలో ఘనపు మీటరుకు 0.03 మిల్లీగ్రాములకు మించి పాదరసం ఉండకూడదని 2015 డిసెంబరులో కేంద్రం నిబంధన పెట్టింది.

మిగతా ప్రపంచం వెలిగించుకున్న దీపానికి బొడ్డుతాడులో లెక్క

ఉత్తర అట్లాంటిక్‌లోని ఫారో దీవుల్లో పైలట్ తిమింగలం మాంసం తరతరాల తిండి. 1986-87లో అక్కడ పుట్టిన 1,022 మంది పిల్లల బొడ్డుతాడు రక్తంలో, తల్లుల తలవెంట్రుకల్లో పాదరసం కొలిచారు ఫిలిప్ గ్రాన్‌జాన్, పాల్ వైహే. వెంట్రుక నెలకు సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది కాబట్టి తల్లి గర్భంతో ఉన్న నెలల్లో ఏం తిన్నదో ఆ పొడవులో తెలుస్తుంది. ఏడేళ్ళ వయసులో ఆ పిల్లల్ని పరీక్షిస్తే, కడుపులో ఎక్కువ పాదరసం తగిలినవారికి మాట, ధ్యాస, జ్ఞాపకం విషయాల్లో వెనుకబాటు కనిపించింది. ఈ ఫలితం 1997లో వెలువడింది. 2008లో ఆ దీవుల ప్రధాన వైద్యులు, ఆ మాంసం ఇక మనుషుల తిండికి పనికిరాదని చెప్పారు. అంత మాట చెప్పడం వాళ్ళకు ఎంత కష్టమై ఉంటుందో ఆలోచించండి. అది వాళ్ళ అమ్మమ్మల వంట.

కెనడా, గ్రీన్‌ల్యాండ్‌లలోని ఇన్యుట్లకు సీల్ మాంసం, బెలూగా, నార్వాల్ తిమింగలాల చర్మంతో చేసే మత్తాక్ అన్నవి తిండి మాత్రమే కాదు, పంచుకునే పండుగ కూడా. అక్కడి దుకాణంలో కూరగాయలు విమానంలో రావాలి, ధర ఆకాశంలో ఉంటుంది. 'తినకండి' అని చెప్పి వదిలేస్తే వాళ్ళకు మిగిలేది డబ్బా తిండి. బొగ్గు మండించింది వాళ్ళు కాదు, బంగారం కరిగించిందీ వాళ్ళు కాదు.

2013 అక్టోబరులో జపాన్‌లోని కుమమోటోలో దేశాలు కుదుర్చుకున్న పాదరసం ఒప్పందం 2017 ఆగస్టు 16న అమల్లోకి వచ్చింది. మన దేశం 2018లో చేరింది. ఒక కర్మాగారపు వ్యర్థాలతో సముద్రం విషమై, 1956లో రోగం బయటపడిన మినమాటా పట్నం పేరే దానికి పెట్టారు. ఆర్కిటిక్ ప్రాణులకూ అక్కడి మూలవాసులకూ ఉన్న ముప్పును ఆ ఒప్పందపు ముందుమాట ప్రత్యేకంగా పేర్కొంటుంది. ఉత్తరార్ధగోళపు గాలిలో పాదరసం 2005 నుంచి 2020 లోపు సుమారు 10 శాతం తగ్గింది. కానీ ఏటా గాలిలోకి వచ్చేదాంట్లో సగానికి పైగా పాత బాకీనే. మన ముత్తాతల కాలం నుంచి నేలలో, సముద్రంలో చేరినది మళ్ళీ మళ్ళీ లేస్తోంది.

ఇంట్లో థర్మామీటర్ పగిలితే?

ఆ ఒప్పందం పాదరసం థర్మామీటర్ల తయారీకి 2020 గడువు పెట్టి, అడిగిన దేశాలకు వెసులుబాటిచ్చింది. అయినా పాతవి చాలా ఇళ్ళ బీరువాల్లో ఉన్నాయి. పగిలితే ముందు పిల్లల్ని అవతలికి పంపి, కిటికీలు తెరవండి. చీపురు పట్టకండి, ఒక పూసను వంద చేస్తుంది. వ్యాక్యూమ్ క్లీనర్ అసలే వద్దు, అది వేడి చేసి గదంతా చిమ్ముతుంది. గట్టి అట్టముక్కతో పూసల్ని ఒకచోటికి తోసి, చిన్నవాటిని టేపుతో అద్ది, మూత గట్టిగా ఉన్న సీసాలో వేయండి. పెరట్లోనూ తూములోనూ పారబోయకండి. సీసాను ప్రమాదకర వ్యర్థాలు తీసుకునేవాళ్ళకు అప్పగించండి. చేతికి బంగారం ఉంటే మాత్రం మొట్టమొదట తీసి పక్కన పెట్టండి, మా అమ్మ చేసినట్టు.